ఇస్మాయిల్ భాయ్‌కి నిఖా అయిందా?

మా ఇళ్లల్లో ఆడవాళ్లకు సినిమా అంటే మొదట్నుంచీ వీడియోనే. కమలాపురంలో టాకీసుకు పోయి చూడటం మగపిల్లల పని. ఇంట్లో షాదీ అయినా, దర్గా ఉరుసుకు కడప నుంచీ ప్రొద్దుటూరు నుంచీ బంధువులు దిగినా, నాలుగిళ్లవాళ్లం చందాలేసుకుని టీవీ, డెక్కు అద్దెకు తెచ్చుకునేవాళ్లం. ముందు వరసలో పిల్లలం, వెనక అమ్మీలు, ఖాలాలు, ఫుప్పూలు. మగవాళ్లు వాకిట్లో నులకమంచాల మీద కూర్చుని, తమకేం పట్టనట్టు మొహం పెట్టి, తలుపు సందులోంచి చూసేవాళ్లు. రాత్రికి మూడు క్యాసెట్లు. అందులో ఒకటన్నా మనోళ్ల కథ అయివుండాలి. 1960 నాటి 'చౌద్వీఁ కా చాంద్' అట్లా ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు.

అది లక్నో కథ. ప్రాణస్నేహితులు ఒకే అమ్మాయిని ప్రేమిస్తారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. బురఖా చాటున మొహం కానరాక జరిగిన పొరపాటు. సగం దూరం నవ్వు, తక్కిన సగం ఏడుపు. మా ఇంటి ఆడవాళ్లు రెండూ మనసారా చేశారు. అయినా ఆ తెర మీద మాట్లాడే ఉర్దూ మాది కాదు. నడుం వంచి ఆదాబులు చేసే నవాబులు మా గల్లీలో ఎవరున్నారు? బీడీలు చుట్టేవాళ్లు, పండ్లబండ్లవాళ్లు, లారీ క్లీనర్లు, మగ్గం నేసేవాళ్లు ఉన్నారు. 'నక్కో', 'హౌ', 'కైకు' అనే మా నోటిమాట అందులో మచ్చుకైనా లేదు. ప్రేమ దొరికింది, భాష దొరకలేదు.

భాష దొరకడానికి 2005-06 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడొచ్చింది కుంట నిఖిల్ తీసిన 'ది ఆంగ్రేజ్'. హైదరాబాదులో టాకీసుల్లోనూ ఆడింది గానీ మా దాకా వచ్చింది సిడిగానే. బస్టాండు దగ్గర సిడిల అంగట్లో ఆ ఒక్క సిడి కోసం వంతులు పడేది. గీతలు పడి, మధ్యలో ఆగిపోతూ, తుడిచి మళ్లీ పెట్టుకుంటూ చూశాం. చార్మినారు దగ్గర పొద్దస్తమానం కూర్చుని కబుర్లు చెప్పే ఇస్మాయిల్ భాయ్, నోరు తెరిస్తే అబద్ధం తప్ప రాని సలీం ఫేకూ, వాళ్ల దోస్తు జహంగీర్. వాళ్లు నోరు విప్పగానే మా ఇంట్లో నవ్వు మొదలయింది. ఆ నవ్వు ముందుగా జోకుకు వచ్చింది కాదు. ఇది మన ఇంటి మాట, టీవీలోంచి వస్తోంది, అన్న సంబరానికి వచ్చింది.

సినిమా అయిపోయాక మా ఖాలా ఒకామె అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. "ఆఖిర్ ఇస్మాయిల్ కా షాదీ హుయా కీ నై రే?" అంది. ఇంతకూ ఆ ఇస్మాయిల్‌కు పెండ్లయిందా లేదా అని. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. తర్వాత ఆలోచిస్తే ఆమె అడిగింది నవ్వుకునే ప్రశ్న కాదని తెలిసింది.

'ది ఆంగ్రేజ్'లో ప్రేమకథ ఉంది. అది ఇస్మాయిల్ భాయ్‌ది కాదు. విదేశం నుంచి హైదరాబాదు వచ్చిన ప్రణయ్, రోచక్ అనే ఇద్దరు ఎన్నారైలది. కంపెనీ వాళ్లదే, అందులో పనిచేసే అమ్మాయిలతో చూపులూ అలకలూ పాటలూ వాళ్లవే. రెండో దారిలో వాళ్ల ఆస్తి కోసం కిరాయి మామ గ్యాంగుతో కిడ్నాపు పన్నాగం. మూడో దారి ఇస్మాయిల్ భాయ్ బృందం. చార్మినారు చూడ్డానికొచ్చిన ఎన్నారైలతో గొడవ పడి, పగ తీర్చుకుంటామని సినిమా అంతా వాళ్ల వెంట పడుతూనే ఉంటారు. అంటే కొత్త హైదరాబాదుకు ప్రేమ, పాత హైదరాబాదుకు పంతం. ఎవరూ కూర్చుని కుట్ర చేసిన పంపకం కాదిది. సినిమా తీసేవాళ్లకు అట్లా తోచింది, చూసేవాళ్లకు అట్లాగే సహజమనిపించింది. మాకు బాధ కలిగించేది ఆ 'సహజ'మే.

ఈ సహజం ఇప్పటిది కాదు. 1965లో 'గుమ్‌నామ్' వచ్చింది. మహమూద్ అందులో బంగళా బట్లరు. దక్కనీ యాసలో మాట్లాడతాడు. దేశమంతా పడిపడి నవ్వింది. అతనికీ ఒక ప్రేమ ఉంది, హెలెన్ వేసిన పాత్ర మీద. ఆ ప్రేమ తీరేది కలలో. మనోజ్ కుమార్‌కు మెలకువలో దొరికే ప్రేమ, మహమూద్‌కు నిద్రలోనే దొరుకుతుంది. తెలుగు సినిమా ఆ కల కూడా ఇవ్వలేదు. 'నిమ్మళ్కి నమ్మళ్కి' అనే సాయిబును గేటు కాడ నిలబెట్టింది, లేదా హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుణ్ణి చేసింది. ఇక ముస్లిం అమ్మాయికి ప్రేమ దొరికిన చోటు చెప్పమంటే అందరికీ గుర్తొచ్చేది 1995 నాటి 'బొంబాయి'. అక్కడ షైలాబాను ప్రేమించింది శేఖర్‌ను. ఆ ప్రేమను మేము తప్పు పట్టడం లేదు. మా గల్లీలో మా పిల్ల మా పిల్లగాణ్ణి చూసి సిగ్గుపడి నవ్వడం కూడా ఒక కథ అవుతుందని ఎవరికీ ఎందుకు తట్టదు అనేదే మా ప్రశ్న.

సెక్యులర్ మిత్రులు ఇక్కడ అడ్డు తగులుతారు. నవ్వుకుని మరిచిపోవలసిన సినిమాకు ఇంత లెక్క ఎందుకంటారు. నవ్వుకే లెక్క ఎక్కువ ఉండాలి. ఏడిపించే సినిమాలో మనం బాధితులుగానైనా కనిపిస్తాం. నవ్వించే సినిమాలో ఎవరు ఎవరికి ఇష్టమవుతారు, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు అన్నదే కథ. ఎవరు ప్రేమించదగినవాళ్లో అక్కడ మాట మాత్రం చెప్పకుండా తేలిపోతుంది.

మరి ఈ దక్కనీ ఎప్పుడూ నవ్వులపాలయిన భాషేనా? హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ భాషలోనే రాశాడు. తన ప్రియురాళ్ల మీద రాశాడు, వానాకాలం మీద రాశాడు, తెలుగు మాటలు కలిపి మరీ రాశాడు. 1609లో ముల్లా వజహీ రాసిన 'కుతుబ్ ముష్తరీ' నిండా ప్రేమే. కలలో చూసిన అమ్మాయి కోసం రాజకుమారుడు బయల్దేరితే, చిత్రకారుడైన ఉతారిద్ తోడు పోతాడు. ప్రేమా స్నేహమూ ఒకే ప్రయాణంలో. అక్కడి కల మెలకువలో తీరుతుంది, మహమూద్ కలలాగా కాదు. ఒక భాష రాజుగారి ప్రేమ నుంచి బట్లరు కల దాకా ఎట్లా దిగింది? కుతుబ్‌షాహీలు పోయారు, ఢిల్లీ ఉర్దూ పెద్దింటి భాషయింది, మాది బజారు మాటయింది. ఉర్దూ మీడియం బళ్లో మేము చదివినప్పుడు 'నక్కో' అంటే బెత్తం దెబ్బ పడేది. కొట్టిందీ మనవాళ్లే.

అందుకే 'ది ఆంగ్రేజ్'ను మేము తీసిపారేయలేం. ఇస్మాయిల్ భాయ్‌గా వేసిన ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ ఆ మాట విరుపును, ఆ ఉత్తుత్తి కోపాన్ని, ఎదుటివాణ్ణి పురుగులాగా చూసే ఆ చూపును ఎంత నిజంగా పట్టుకున్నాడంటే, అట్లాంటివాడు మా ఊరి మసీదు మలుపులో ఇప్పుడూ ఒకడున్నాడు. సలీం ఫేకూగా మస్త్ అలీ, జహంగీర్‌గా అజీజ్ నాసర్ కూడా తక్కువ తినలేదు. తీసినవాళ్ల పేర్లు, వేసినవాళ్ల పేర్లు వరసగా చదివితే దక్కనీ మా ఒక్కరి సొత్తు కాదని కూడా తెలుస్తుంది. మరో వైపు, మా పక్కింటి దూదేకుల వాళ్లది తెలుగే ఇంటిభాష. ఆ రాత్రి వాళ్లు మాతోపాటు కూర్చుని, మేము నవ్వాక అర్థం అడిగి, ఒక క్షణం ఆలస్యంగా నవ్వారు. ముస్లిం నవ్వంటే దక్కనీ నవ్వే అనుకుంటే వాళ్లను ఎక్కడ కూర్చోబెడతాం? ఇది వేరే వ్యాసం.

సినిమాకు తెలియకుండానే ఒక గొప్ప సంగతి జరిగింది. మామూలు ప్రేమ సినిమాల్లో స్నేహితులు హీరో కోసం పుడతారు. ఉత్తరం అందించి, గోడ దూకించి, తన్నులు తిని, పెండ్లి ఫొటోలో వెనక నిలబడతారు. ఇస్మాయిల్ భాయ్ దోస్తులు ఎవరి ప్రేమకూ పనిమనుషులు కారు. వాళ్లు ఒకరికొకరు ఉన్నారు, అంతే. తిట్టుకుంటారు, అబద్ధాలు చెప్పుకుంటారు, ఒకడి పరువు పోతే అందరూ కలిసి బండెక్కుతారు. ఆ స్నేహమే ఆ సినిమాలో అసలు ప్రేమ. అయితే వాళ్లు పొద్దంతా ఎందుకు ఖాళీగా ఉన్నారని సినిమా ఒక్కసారీ అడగదు. ఆ సిడిలు గల్లీగల్లీ తిరుగుతున్న రోజుల్లోనే, 2006 నవంబరులో, సచార్ కమిటీ నివేదిక వచ్చింది. చదువులో, ఉద్యోగాల్లో ముస్లింలు ఎంత వెనకబడ్డారో లెక్కలతో చూపింది. ఉద్యోగం లేనివాడికి పిల్లనెవరిస్తారు? ఇస్మాయిల్ భాయ్‌కి నిఖా కాకపోవడానికి జవాబు ఆ నివేదికలో ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇక మా కడప జిల్లా సంగతి. మా 'ఆంగ్రేజ్'లు అమెరికా నుంచి రారు, కువైట్ నుంచి వస్తారు. డ్రైవరుగా, వంటవాడుగా పోయి, రెండేండ్లకోసారి సెంటు సీసాలతో దిగుతారు. మా ప్రేమకథలన్నీ వాళ్ల సెలవు దినాలకు కుదించుకుపోయినవే. ఉత్తరం రాయడం రాని భార్యలు టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడి క్యాసెట్టు పంపేవాళ్లు. పక్కన అత్త కూర్చుని ఉంటే ఆ క్యాసెట్టులో ఏం చెప్పగలరు? మేకకు పిల్లలు పుట్టాయని చెప్పేవాళ్లు. అక్కడ అతను ఆ మేక కబురే పదిసార్లు వినేవాడు. పెండ్లికి రాలేని అన్నదమ్ములకు వీడియో క్యాసెట్టు పోయేది. మగవాళ్ల వైపు తీసింది ఒకటి, జనానా వైపు తీసింది ఇంకొకటి. ఆ రెండోది ఎవరు చూడాలన్న దాని మీద ఇంట్లో పంచాయితీ. మా అసలైన ఇంటి వీడియో అది. ఏ దర్శకుడూ దాని జోలికి పోలేదు.

అబ్బాయి, అమ్మాయి హోటల్లో కలుసుకుని, మాటలు కుదరక, బిల్లు ఎవరు కట్టాలో తెలియక తికమకపడటం కొత్త సినిమాల్లో పెద్ద హాస్యం. 1998లో నగేష్ కుకునూర్ 'హైదరాబాద్ బ్లూస్' తీసినప్పుడు ఆ తికమక మన ఊరికి వచ్చింది, అమెరికా నుంచి దిగిన కుర్రాడి రూపంలో. మాకు హోటళ్లు లేకపోవచ్చు, రిష్తాలు లేవా? అబ్బాయి తల్లీ అక్కలూ వస్తారు. అమ్మాయి జడ పట్టుకుని చూస్తారు, నడిపించి చూస్తారు. సమోసాలు తింటారు. అబ్బాయి మాత్రం వీధి చివర టీ అంగట్లో కూర్చుని మూడో టీ తాగుతుంటాడు, లోపల తనకోసం ఎవర్ని చూస్తున్నారో తెలియకుండా. లేచేముందు జోడే కీ రఖం మాట వస్తుంది. ఖబురు పంపుతామంటారు. ఖబురు రాదు. మా వీధిలో ఒక పిల్ల, వయసు మళ్లిన కువైట్ పెండ్లికొడుకు తరఫువాళ్లు వచ్చిన రోజు షర్బతులో చక్కెర బదులు ఉప్పు కలిపింది. పెద్దమనిషి తరహా వదలలేక వాళ్లు గ్లాసులన్నీ ఖాళీ చేసి, బాగుందని చెప్పి మరీ పోయారు. ఇంతకన్న మంచి సన్నివేశం ఏ సినిమాలో ఉంది?

ఆ పిల్ల తెర మీదికి ఎందుకు రాలేదు? 'ది ఆంగ్రేజ్'లో మాకు గుర్తుండిపోయిన ముస్లిం స్త్రీ పాత్ర ఒక్కటి లేదు. తప్పంతా తీసినవాళ్ల మీద తోసి కూర్చుంటే అబద్ధమవుతుంది. మన ఇంటి ఆడపిల్ల తెర మీద అల్లరి చేస్తే, ఒకణ్ణి వద్దని ఇంకొకణ్ణి కోరుకుంటే, ముందు రాయి వేసేది మనలోనివాళ్లే. ఇస్మాయిల్ భాయ్ బూతుకు దగ్గరగా మాట్లాడినా కడుపుబ్బ నవ్విన మా పెద్దవాళ్లు, ఇస్మాయిల్ చెల్లెలు 'నక్కో' అని గట్టిగా అంటే నవ్వుతారా? మాకు నమ్మకం లేదు. బయటివాళ్లు మన మగవాడి ప్రేమను జోకు చేశారు. మనం మన ఆడదాని నవ్వునే దాచిపెట్టాం. ఈ రెండూ కలిస్తేనే ఆ సినిమాలో అంత పెద్ద ఖాళీ వచ్చింది.

ఇప్పుడు డెక్కు లేదు, సిడి అంగడి లేదు. ఆ జాగాలో సెల్‌ఫోన్ రిపేరు షాపు పెట్టారు. ఖాలాకు మనవడు ఫోనులో 'ది ఆంగ్రేజ్' పెట్టిస్తాడు. ఎన్నారైల పాట రాగానే ఆమె అద్దం మీద వేలితో ముందుకు తోసేస్తుంది. చార్మినారు కనబడేదాకా తోస్తూనే ఉంటుంది. కనబడ్డాక కండ్లద్దాలు సర్దుకుని, ఫోను దగ్గరికి జరిపి పెట్టుకుంటుంది.