చచ్చుబడిన చేతికి మార్కులు

పక్షవాతమునుండి తేరుకొన్నవారి చేయి ఎంతవరకు స్వాధీనమైనదో కొలుచుటకు పెక్కు పరీక్షలు గలవు. వానిలో రెండు ప్రసిద్ధములు. ఒకటి స్వీడనులో ఫూగెల్-మేయరు, ఆయన సహచరులు 1975లో ప్రకటించినది. రెండవది 1981లో లైల్ ప్రకటించినది. రెండును చేతికి మార్కులు వేయును గాని, కొలుచునది ఒకే విషయమును కాదు.

మెదడు దెబ్బతిన్న పిమ్మట కండరములు విడివిడిగా గాక గుంపుగా కదలును. మోచేయి మడువబోగా భుజము కూడ లేచును. కోలుకొను కొలది ఈ గుంపు విడిపోవును. ఫూగెల్-మేయరు పరీక్షలోని వరుస ఈ క్రమమును బట్టి ఏర్పడినది. చేతికి 33 అంశములు, ఒక్కొక్కదానికి 0, 1, 2 చొప్పున మొత్తము 66. కదలికను ఇంత నిశితముగా చూచుట దీని గొప్పతనము. అయితే ఇందు పనిపాటల పాలు స్వల్పము. 66 వచ్చినవాడును చొక్కా గుండీ పెట్టుకొనుటకు తడబడవచ్చును.

లైల్ పరీక్ష పనినే అడుగును. 19 పనులు, 57 మార్కులు. చెక్క దిమ్మెలను ఎత్తి అరపై పెట్టుట, గ్లాసునుండి గ్లాసులోనికి నీరు వంచుట, 6 మి.మీ. ఉక్కు గుండును బొటనవ్రేలు, ఉంగరపు వ్రేళ్ల నడుమ పట్టి ఎత్తుట మొదలైనవి. ప్రతి విభాగములోను మిక్కిలి కఠినమైన పని ముందు. అది చక్కగా చేసినచో తక్కినవానికి పూర్తి మార్కులే. బడిలో ఇట్లు మార్కులు వేసిన ఉపాధ్యాయుని ఏమందురో! కాని రోగి త్వరగా అలసిపోవును గనుక ఇచ్చట అది సమంజసమే. పరీక్షించువారు మొండెముమీద గూడ కన్నువేయవలెను. చేయి చాపలేనివాడు నడుము వంచి వస్తువును అందుకొనును. పని జరిగినది, చేయి బాగుపడలేదు.

ఈ మార్కులు తరగతులే గాని కొలబద్దపై గీతలు కావు. 40 వచ్చిన చేయి 20 వచ్చినదానికి రెట్టింపు పనిచేయుననుట తప్పు. ఇద్దరికి 30 చొప్పున వచ్చినను, ఒకరికి భుజము, మరొకరికి వ్రేళ్లు వశమై యుండవచ్చును. చికిత్స సాగించుటయో మానుటయో మొత్తపు అంకెను బట్టియే నిర్ణయించినచో రోగికి అన్యాయము జరుగును.

రెండు పరీక్షలును చూడనిది ఇంటిలోని చేయి. బల్లముందు దిమ్మె ఎత్తినవాడు ఇంట మంచి చేతితోనే అన్నియు కానిచ్చుకొనవచ్చును. అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డు టాబ్ దీనిని నేర్చుకొన్న అలవాటుగా వివరించెను. ఆయన బృందము చేతిని ఎంతగా, ఎంత బాగుగా వాడుచున్నారో రోగినే అడుగు ప్రశ్నావళిని రూపొందించినది. అందు ఫోర్కు, చెంచా వాడుటను గూర్చి అడుగుదురు. అన్నము కలిపి ముద్ద చేయుటకు అయిదు వ్రేళ్లును కూడి మడువవలెను. చెంచాకు అంత అక్కరలేదు. మన రోగులను అడుగునపుడు ఆ ప్రశ్నను మార్చక తప్పదు.