గాలివాటు గంటలు

మా వీధి ట్రావెల్స్ ఆఫీసువాళ్లు కొత్త బోర్డు పెట్టారు. ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో: ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు. బస్టాండులో విజయవాడ బస్సుకు రాసినంత ధీమాగా రాసేశారు. చూసినప్పటినుంచీ ఒళ్లు మండుతోంది.

గోడకు వేలాడే ప్రపంచ పటమంటే నాకు గిట్టదు. అందులో అమెరికా ఎడమ చివర ఉంటుంది కాబట్టి, పడమరగా పోతేనే వస్తుందని తరతరాలుగా నమ్మేశాం. గ్లోబు మీద దారం బిగించి చూడండి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దగ్గరి దారి ఉత్తరంగా, ధ్రువానికి దగ్గర్నుంచి పోతుంది. సుమారు 12,400 కిలోమీటర్లు. బోర్డు మీదున్నది ఆ దూరమే. కానీ ఆ దారం మీదే నడిచే విమానం ఏదీ?

2016 అక్టోబరు దాకా ఎయిరిండియా అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. 13,900 కిలోమీటర్లు, 16 గంటల పైమాట. తర్వాత దారి మార్చి పసిఫిక్ మీదుగా నడిపారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది, ప్రయాణం పద్నాలుగున్నర గంటలకు తగ్గింది! అంతా జెట్ స్ట్రీమ్ చలవ. 30–40 వేల అడుగుల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే ఈ గాలి, చలికాలంలో జపాన్ దగ్గర గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. అందుకే అప్పట్లో వెళ్లేటప్పుడు తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే. ఒక్క రానుపోను టికెట్టుతో భూప్రదక్షిణం!

ఈ గాలిని 1920లలోనే బెలూన్లు ఎగరేసి కొలిచినవాడు జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి. ప్రపంచమంతా చదవాలని ఆ సంగతిని, అందరికీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంతో భాషలో రాశాడు. అందరిదీ అయిన భాష ఎవరిదీ కాకపోవడంతో పెద్దగా ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీద బాంబులు వేయబోయిన అమెరికన్ పైలట్లకు ఆ గాలి తగిలాక గానీ దాని బలం తెలిసిరాలేదు.

ఇదంతా తలుచుకుని, బోర్డు మీద కిలోమీటర్లు చెరిపేయమని చెప్పొద్దామనుకున్నాను. ఇంతలో 2025 గుర్తొచ్చింది. ఆ ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేసింది. అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు చుట్టు తిరిగాయి. కొన్ని ఇంధనం కోసం వియన్నాలో, కోపెన్‌హాగెన్‌లో దిగాయి. గాలి ఒకవైపు, సర్కార్లు ఇంకోవైపు లాగితే గంటలు ఎటైనా సాగుతాయి. వాటికి లొంగనిది ఆ 12,400 ఒక్కటే. ఎంత చుట్టు తిరిగామో, ఎంత కలిసొచ్చిందో లెక్క తేల్చుకోవడానికి మన చేతిలో ఉన్న కొలబద్ద అదే. చెరపాల్సింది గంటలనే.

పిల్లల దగ్గరికి అమెరికా బయల్దేరే పెద్దలకు ఒక్క మాట. పోయినేడాది పక్కింటివాళ్లు ఎన్ని గంటల్లో చేరారో అడక్కండి. మీరు వెళ్లే నెలలో, మీ విమానం ఏ దారిన పోతుందో అడగండి. మధ్యలో విమానం మారాల్సి ఉంటే కనీసం మూడు గంటల వ్యవధి ఉన్న టికెట్టే కొనుక్కోండి.