పద్యానికి ఎన్ని గొంతులు కావాలి?

సింథసైజర్ కొనబోయేవాళ్లు ముందు అడిగేది ‘టోన్లు ఎన్నున్నాయి?’ అని. పౌరాణిక నాటకాలకు వాయించేవాడికి ఆ లెక్కతో పెద్దగా పనిలేదు. పెట్టె ఒకేసారి ఎన్ని స్వరాలు పలుకుతుంది, అంతకు మించి నొక్కితే వాటిలో దేని నోరు మూయిస్తుంది అనేదే అతను అడగాలి. గుడివాడ, గుడ్లవల్లేరు, బందరు వైపు నాటకాలకు వాయిస్తూ నాలుగైదు కీబోర్డులు మార్చాక నాకు మిగిలిన ప్రశ్న ఇదొక్కటే.

పద్యానికి తాళం ఉండదు. నటుడు పాదం ఎత్తుకుని, సమాసం విరిగేచోట ఆగుతాడు. హార్మోనిస్టు ఆ సందును రాగంతో నింపి, మళ్లీ షడ్జమం అందించాలి. నాలుగో పాదం అయ్యాక ఉంది అసలు పరీక్ష. నటుడు రాగం తీస్తూ ఎంత దూరం పోతాడో అతనికే తెలియదు. ‘వన్స్‌మోర్’ పడితే రెండోసారి దారే మారిపోవచ్చు. తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాలు ఇంతకాలం ఆడుతున్నాయంటే పద్యం బలంతోపాటు ఈ రాగం మీద జనానికున్న మోజు కూడా కారణమే. ఆ జంట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వారు పాఠాలు చెప్పిన ఊరు బందరు. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల మాత్రం సినిమా పద్యంలో రాగాన్ని బాగా కుదించి మాటను ముందుకు తెచ్చారు. మా ప్రేక్షకులకు రెండూ కావాలి. ఒకే రాత్రి కృష్ణుడు సినిమా బాణీలో పాడితే, కర్ణుడు పాత స్టేజీ బాణీలో పాడతాడు.

హార్మోనియానికి 1842లో పారిస్‌లో డెబేన్ పేటెంటు తీసుకున్నాడు. చేత్తో తిత్తి ఊపే మన పెట్టె ఆ తర్వాత కలకత్తాలో తయారైంది. గమకం పలకదన్న కారణంతో ఆకాశవాణి 1940లో దాన్ని బయటపెట్టింది, 1971 దాకా లోపలికి రానివ్వలేదు. నాటకం మాత్రం దాన్ని ఎన్నడూ వదల్లేదు. ఎందుకంటే గాలి ఉన్నంతసేపూ ఎన్ని మెట్లు నొక్కితే అన్నీ పలుకుతాయి. ఎడమ చేత్తో తిత్తి ఊపుతూనే కుడిచేతి చిటికెన వేలితో పై షడ్జమం పట్టి ఉంచి, మిగతా వేళ్లతో రాగం నడిపే హార్మోనిస్టులు ఉన్నారు.

సింథసైజర్‌కు ఆ దొరతనం లేదు. పాత అనలాగ్ పెట్టెల్లో ప్రతి గొంతుకూ విడిగా ఒక సర్క్యూట్ ఉండాలి. 1978లో వచ్చిన ప్రాఫెట్-5కు అయిదే గొంతులు, 1982 నాటి జూనో-60కి ఆరు. షడ్జమం, పంచమం, పై షడ్జమం పట్టి ఉంచామనుకోండి, ప్రాఫెట్‌లో రాగానికి మిగిలేవి రెండు. వేలు తీశాక కూడా స్వరం తోక మోగుతూ ఉంటే అదీ ఒక గొంతును పట్టుకునే ఉంటుంది. సంగతి వేగం పెరిగి కొత్త స్వరానికి చోటు లేకపోతే, చాలా యంత్రాలు అన్నిటికన్నా ముందు నొక్కినదాన్ని ఆపేస్తాయి. ముందు నొక్కింది శ్రుతి! నటుడు తారస్థాయిలో ఉండగా కింద షడ్జమం మాయమైతే ఎలా ఉంటుందో స్టేజీ ఎక్కినవాళ్లకు చెప్పక్కర్లేదు.

1983లో యమహా డీఎక్స్7 పదహారు గొంతులతో వచ్చింది. మా కుర్రాళ్లు ఇప్పటికీ ఆ పేరు చెబితే లేచి నిలబడతారు. కానీ అందులో ఒకసారికి ఒకే టోను పలుకుతుంది, పిచ్ చక్రం తిప్పితే నొక్కి ఉన్న స్వరాలన్నీ కలిసి వంగుతాయి. గాంధారాన్ని కాస్త ఊపుదామంటే శ్రుతి కూడా ఊగుతుంది. అంటే గమకం కావాలంటే శ్రుతి వదులుకోవాలి, శ్రుతి కావాలంటే గమకం వదులుకోవాలి. దీనికి మందు రెండు భాగాలుగా చీలే కీబోర్డు: కింది భాగంలో శ్రుతి, పై భాగంలో రాగం, కింది భాగానికి వంపు సున్నా. అది కుదరకపోతే శ్రుతిపెట్టె విడిగా పెట్టుకోవడం. చాలామంది చేసేది అదే, తప్పు కూడా కాదు.

గొంతుల లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఒక్క మెట్టుకు నాలుగు పొరల శబ్దం పలికే టోను ఎంచుకుంటే 64 గొంతుల పెట్టె పదహారు గొంతులదవుతుంది. పెట్టె మీద రాసిన అంకెను నమ్మి మోసపోవద్దు. హార్మోనియం నిండుదనానికి రెండు పొరలు చాలు. అసలు హార్మోనియంలో రెండు వరసల రీడ్లు ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో మోగడం వల్లే ఆ అల పుడుతుంది. సింథసైజర్‌లో రెండో పొరను కాస్త పక్కకు జరిపితే అదే వస్తుంది. తోకను బాగా కత్తిరించాలి. లేకపోతే గాంధారం ఇంకా మోగుతుండగానే రిషభం వచ్చి రెండూ కొట్టుకుంటాయి. స్వరాన్ని ఉబ్బించి తగ్గించే పని తిత్తికి బదులు కాలి కింది ఎక్స్‌ప్రెషన్ పెడల్ చేస్తుంది. కాళ్లతో తొక్కే హార్మోనియం వాయించిన పెద్దవాళ్లు దీనికి ఇట్టే అలవాటుపడతారు, కుర్రాళ్లే తడబడతారు.

శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ గురించి నాకు రెండు మనసులు. ఒకరు ఒకటిన్నరకు, మరొకరు అయిదున్నరకు పాడే నాటకంలో అది ప్రాణదాతే. కానీ దాని పుణ్యమా అని ఒకే శ్రుతిలో తప్ప వేళ్లు నడవని తరం తయారవుతోంది.

నా దగ్గర చిన్న కాసియో ఉండేది. తర్వాత భారతీయ టోన్లున్న యమహా, సెకండ్‌హ్యాండ్ డీఎక్స్7, ఇంకో బరువైన వర్క్‌స్టేషన్. దాని పేరెందుకులెండి, ఇద్దరు మోస్తేగాని ఆటో ఎక్కేది కాదు. చివరికి నిలిచింది రోలాండ్ జూనో-డీఎస్61. దానిలో 128 గొంతులున్నాయి, కీబోర్డు రెండుగా చీలుతుంది, బరువు అయిదు కిలోలకు కాస్త ఎక్కువ. ఎనిమిది పెన్సిల్ సెల్‌లతోనూ నడుస్తుంది. ఊళ్లో కరెంటు పోయినా మెమరీలోని శ్రుతి, మెట్ల అమరిక ఎక్కడివక్కడే ఉంటాయి. ప్రాఫెట్ శబ్దం ఇంతకన్నా అందమైనదని ఒప్పుకుంటాను, ఇంట్లో రికార్డింగుకైతే దాన్నే కోరుకుంటాను. స్టేజీ మీద మాత్రం శబ్దం అందం కన్నా శ్రుతి చెదరకపోవడమే ముఖ్యం.

ఇన్ని గొంతులున్నాయి కదా అని అన్నీ వాడితే పద్యం మునిగిపోతుంది. హరిశ్చంద్ర కాటి సీనులో జాషువా పద్యాలు పాడేటప్పుడు చాలామంది కింద వయొలిన్ల దొంతర పరుస్తారు. నేను పరచను. రెండు పొరల రీడు, కింద షడ్జమం, పంచమం, అంతే. పెడల్ సగానికి దించి, నటుడి మాటకు ఒక మెట్టు వెనకే ఉంటాను.