నీడ పడని మధ్యాహ్నాల్లో పూల ఫొటోలు

పల్నాడులోని గురజాల భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న ఊరు కావడం వల్ల, ఏటా మే మొదటి వారంలో ఒకనాడు, గడియారంలో 12 దాటి ఏడెనిమిది నిమిషాలయ్యేసరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా పాతిన గుంజకు ఆ కాసేపూ నీడ కనిపించదు. దీన్నే ఖగోళ శాస్త్రంలో శూన్యఛాయా దినం అంటారు. ఆగస్టు మొదటి వారంలో ఇలాంటి రోజు ఇంకొకటి వస్తుంది గాని, అప్పటికి ఆకాశం మబ్బు పట్టి ఉండే అవకాశం ఎక్కువ కనుక దాన్ని పట్టించుకునేవారు తక్కువ. పూలను ఫొటో తీసే అలవాటున్నవారికి మాత్రం ఈ లెక్క అవసరమైనదే, ఎందుకంటే కెమెరాకు అందే రూపం చాలావరకు నీడ ఇచ్చిన రూపం. రేకు ఎక్కడ వంగింది, ఎక్కడ మడత పడింది, కేసరం రేకు మీద ఎంత ఎత్తున నిలిచింది అన్న సంగతులు పక్కనుంచి పడే వెలుగు ఏర్పరచే చిన్న చిన్న నీడల వల్లనే తెలుస్తాయి. వెలుగు నిట్టనిలువుగా పడినప్పుడు పువ్వు పైభాగం పాలిపోయి, అడుగుభాగం నల్లబడి, ఆ రెంటికీ నడుమ ఉండవలసిన ఛాయలు మాయమవుతాయి.

ఫొటోగ్రఫీ పాఠ్యపుస్తకాలు దీనికి విరుగుడుగా ‘బంగారు గంట’ను సూచిస్తాయి, అంటే సూర్యోదయం తరువాతా సూర్యాస్తమయానికి ముందూ వెలుగు ఏటవాలుగా, పసుపు కలిసి, మెత్తగా ఉండే సమయం. అయితే ఆ పుస్తకాల్లో ఎక్కువ భాగం ఐరోపా, ఉత్తర అమెరికా అక్షాంశాల్లో పుట్టినవి, అక్కడ సూర్యుడు వాలుగా ఎక్కి వాలుగా దిగుతాడు. పల్నాట్లో సూర్యుడు గంటకు దాదాపు 14 డిగ్రీల చొప్పున నిలువుగా పైకి వస్తాడు కాబట్టి, మే నెలలో ఆరుకు పావుగంట ముందు పొద్దు పొడిస్తే ఆరున్నరకల్లా ఆ బంగారం కరిగిపోతుంది, ఏడున్నర దాటాక పువ్వు మీద వెలుగు మొరటుగా మారుతుంది. ఇందులో విచారించవలసినదేమీ లేదు. కెమెరా పుట్టకముందునుంచే ఇక్కడి జనం తమ వేసవి దినాన్ని ఇదే లెక్కన పంచుకున్నారు. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలను తిరగేయడం, పశువులను మేతకు తోలడం, పెరట్లో మల్లెమొగ్గలు కోయడం వంటి పనులన్నీ తెల్లవారుజామునే మొదలై పొద్దెక్కేలోగా ముగుస్తాయి, పదింటికి ఊరంతా నీడపట్టుకు చేరుతుంది, తిరిగి వాకిళ్లు చల్లేది సాయంత్రం ఎండ తగ్గాకే. వేడిని తప్పించుకోవడానికి ఏర్పడిన ఈ దినచర్యే మంచి వెలుగుకు సరిపోయే దినచర్య కూడా కావడం వల్ల, పల్లె లేచే వేళకు లేచి పల్లె కూర్చునే వేళకు కూర్చునే ఫొటోగ్రాఫర్ ప్రత్యేకంగా నేర్చుకోవలసిన కాలనియమం అంటూ మరొకటి మిగలదు. తెల్లవారుజామున గాలి కూడా పడి ఉంటుంది, చిన్న పూలను దగ్గరగా తీసేటప్పుడు ఇది వెలుగు కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

పొరుగున ఉన్న రెంటచింతల పేరు వేసవి వాతావరణ వార్తల్లో ఏటా వినిపిస్తూనే ఉంటుంది కనుక ఇక్కడి ఎండ తీవ్రతను వేరే చెప్పనవసరం లేదు. ఐఫోన్‌ను 35 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకే వాడవలసిందిగా దాని తయారీదారు నిర్దేశించాడు, ఆ లెక్కన కృత్తిక, రోహిణి కార్తెల్లో గురజాల మధ్యాహ్నం ఆ పరికరానికి నిషిద్ధ ప్రాంతమే. పెద్ద కెమెరాలున్నవారికీ మినహాయింపు లేదు. కాగిన నేల మీది గాలి పొరలు వేరువేరు సాంద్రతలతో కదులుతూ కాంతిని వంచడం వల్ల ఎండమావి ఏర్పడుతుంది, దూరాన ఉన్న పిట్టనో చెట్టునో పొడవైన లెన్సుతో తీయబోతే ఆ కదలికే చిత్రాన్ని అలికేస్తుంది, ఎంత ఖరీదైన లెన్సూ దీన్ని సరిచేయలేదు.

పల్నాటి వీరచరిత్రలో నలగామరాజు రాజధానిగా, నాయకురాలు నాగమ్మ మంత్రాంగం నడిపిన ఊరుగా, కోడిపందేల కథలోంచి కారంపూడి యుద్ధం దాకా నడిచిన వైరానికి కేంద్రంగా ప్రసిద్ధికెక్కిన గురజాలకు పూల పరంగా పేరేమీ రాలేదు, అయినా ఇక్కడి వేసవి పూల విషయంలో పేద కాదు. మాఘ ఫాల్గుణాల్లో ఆకులన్నీ రాల్చిన మోదుగ మంటరంగు పూలతో కనిపిస్తుంది, మాచర్ల దాటి నల్లమల వైపు పోతే కొండగోగు కూడా అలాగే ఆకులేని కొమ్మల చివర పెద్ద పసుపు పూలు పూస్తుంది. ఉగాదినాటికి వేప పూతకు వస్తుంది, దానితోపాటు కానుగ చిగురు వేసి లేత ఊదా, తెలుపు కలిసిన పూలను రాల్చడం మొదలుపెడుతుంది. కానుగను కొమ్మ మీద తీసేవారు చాలామందే గాని, రాలిన పూలు పరుచుకున్న ఆ చెట్టు నీడను తీసేవారు అరుదు, నిజానికి చూడదగినది ఆ నీడే. చైత్ర వైశాఖాల్లో రేల పసుపు గుత్తులను వేలాడదీస్తుంది, ఆ వెంటనే తురాయి ఎర్రబడుతుంది.

తురాయి మడగాస్కర్ దీవికి చెందిన చెట్టు, మన రోడ్ల పక్కన ఎంతగా కలిసిపోయిందంటే దాన్ని పరదేశి అనడానికి నోరు రాదు. ఈ పువ్వును తీసినవారందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది: కంటికి పొరలు పొరలుగా కనిపించిన ఎరుపు ఫొటోలో ఒకే ముద్దగా మారిపోతుంది. దీనికి కారణం కెమెరా లోపల వెలుగును పట్టే సెన్సర్ నిర్మాణంలో ఉంది. 1976లో కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరిట పేటెంట్ పొందిన అమరికే నేటికీ అధిక భాగం కెమెరాల్లో, ఫోన్లలో కొనసాగుతోంది. అందులో ప్రతి నాలుగు గడుల్లో రెండు ఆకుపచ్చనూ, ఒకటి ఎరుపునూ, ఒకటి నీలాన్నీ కొలుస్తాయి. ఎండలో తురాయి పువ్వు ఎదుట ఎర్ర గడులు అంచుదాకా నిండిపోయినా, మిగతా గడులు ఖాళీగానే ఉండడం వల్ల మొత్తం వెలుగు సరిపోయిందని కెమెరా పొరబడుతుంది, నిండిన గడిలో ఇక తేడాలు నమోదు కావు. వెలుగును ఒక మెట్టు తగ్గించి, అంటే కెమెరా తనంతట తాను ఎంచుకున్న దానిలో సగానికి దించి, పొద్దు చెట్టుమీదికి రాకముందే తీసినట్టయితే ఐదు రేకుల్లో నిలువుగా నిలిచే ఆ ఒక్క రేకు, దాని మీది తెలుపు పసుపు మచ్చలు స్పష్టంగా దక్కుతాయి. కల్లంలో ఆరిన మిరపకాయలకూ ఇదే వైద్యం.

మల్లె తెచ్చే చిక్కు దీనికి పూర్తిగా భిన్నమైనది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాష్ట్ర పుష్పంగా ప్రకటించిన ఈ పువ్వు (రాష్ట్ర వృక్షంగా వేపను ఎంచుకున్నదీ అప్పుడే) పగలంతా మొగ్గగా ఉండి, చీకటి పడే వేళకు విచ్చుకుంటుంది, కాబట్టి అది విరిసినప్పుడు వెలుగు ఉండదు, వెలుగున్నప్పుడు అది విరిసి ఉండదు. సాయంత్రం సూర్యుడు దిగిపోయాక ఆకాశంలో మిగిలే వెలుగే దీనికి దారి, ఉష్ణమండలంలో ఆ సంధ్య కూడా త్వరగానే ముగుస్తుంది. రెండో చిక్కు తెలుపుకు సంబంధించినది. ఎదుట ఉన్న దృశ్యమేదైనా సగటున నూటికి 18 పాళ్ల వెలుగును తిప్పిపంపే మధ్యస్థ బూడిదరంగే అని ఊహించుకుని కాంతిమాపకం లెక్క కడుతుంది, ఫోన్లలో ఈ ఊహను సవరించే ఉపాయాలు చేరినా మూలసూత్రం అదే. అందువల్ల దోసెడు మల్లెలను ఫ్రేము నిండా పెడితే అవి మాసినట్టు వస్తాయి, నల్లరేగడి నేలమీదో నల్లటి జడమీదో పెడితే నలుపును బూడిదగా మార్చే ప్రయత్నంలో పూలు రేకులు తెలియనంతగా తేలిపోతాయి.

దీనికి కావలసిన పరికరం పల్నాట్లో ప్రతి ఇంటా ఉంది. దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టుపక్కల భూమిలో పరుచుకున్న సున్నపురాయి పొరలనుంచి తీసే నాపరాళ్లను ఇక్కడ అరుగులకూ, నడవలకూ, నిలువుగా పాతితే పొలాల దడులకూ వాడతారు, ఆ రాళ్లలో సర్వసాధారణమైన బూడిదరంగు ఫొటోగ్రాఫర్లు డబ్బు పెట్టి కొనే బూడిద అట్టకు తగినంత దగ్గరగా ఉంటుంది. మల్లెమాలను నాపరాయి మీద ఉంచి, ఫోన్ తెరమీద పువ్వును కాక రాతిని వేలితో నొక్కి పట్టి, ఆ వెలుగును అక్కడే స్థిరపరచి తీస్తే, తెలుపు తెలుపుగా, రాయి రాయిగా వస్తాయి. నీడలో ఉన్న అరుగు మీద తీయడం ఇంకా మేలు, ఎండలో వెలుగుతో పోలిస్తే ఆరుబయట నీడలో సుమారు ఎనిమిదో వంతే ఉండి, అది అన్ని వైపులనుంచీ వస్తుంది. ఆ నీడలోకి వచ్చేది ఎక్కువగా ఆకాశపు వెలుగు కనుక కొంచెం నీలిచాయ కలుస్తుంది, మల్లెకు అదేమీ లోటు కాదు.

జిల్లేడు గురించి ఒక మాట చెప్పవలసి ఉంది. నీరు పెట్టేవారు లేని బంజరులో, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో సైతం మైనంతో చేసినట్టున్న ఊదా తెలుపు పూలతో నిలబడే ఈ మొక్కను పూజకు తప్ప ఎవరూ లెక్కచేయరు. దాని పువ్వు నడిమి కిరీటం మీద వాలే పెద్ద నల్ల తుమ్మెద కాలికి పుప్పొడి పొడిగా కాక చిన్న చిన్న సంచుల జంటగా అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది, ఈ బరువు మోయగల కీటకాలు కొన్నే. ఈ ప్రయాణాన్ని ఒక్క ఫొటోలో పట్టగలిగినవారు పులుల అభయారణ్యానికి పోలేదని చింతించవలసిన పని లేదు.

వేసవి సుఖాలు చాలా మటుకు చవకైనవి, పైగా తొందరగా చెడిపోయేవి: కొట్టిన గంటలోపు తినవలసిన తాటి ముంజలు, కొత్త కుండలోని నీళ్లు, మజ్జిగ, రాత్రి డాబామీద పక్కలు. వీటిని ఫొటో తీసేవారు ముంజ ఆరిపోయేదాకా కోణాలు వెతకడం మాత్రం అన్యాయం.

మిట్టమధ్యాహ్నం కెమెరాకు పనికిరాకపోయినా కాంతితో బొమ్మ వేసే మరో పాత పద్ధతికి అది శ్రేష్ఠమైన కాలం. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ విధానంలో రెండు ఇనుప లవణాల మిశ్రమాన్ని కాగితానికి పూసి ఆరనిచ్చి, దానిమీద ఆకునో పూరెమ్మనో పరచి ఎండలో ఉంచి, తరువాత నీళ్లలో కడిగితే, ఎండ తగిలిన చోట గాఢమైన నీలం నిలిచి, మొక్క ఆకారం తెల్లగా మిగులుతుంది. మరుసటి ఏడాదినుంచి అన్నా అట్కిన్స్ ఈ విధంగానే బ్రిటన్ సముద్రపు నాచు మొక్కల సంపుటాలను వెలువరించింది, ఛాయాచిత్రాలతో కూడిన తొలి పుస్తకంగా దాన్ని పరిగణిస్తారు. అతినీలలోహిత కిరణాల కోసం ఇంగ్లండులో ఆమె ఎంతసేపు కాచుకున్నదో గాని, గురజాల మే నెలలో వేపరెమ్మ అచ్చు పడడానికి కొద్ది నిమిషాలు చాలు.

కెమెరాలు రాకముందు తెలుగు నేల పూలను పట్టుకున్నవారు చిత్రకారులు. 1781నుంచి పన్నెండేళ్లపాటు సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారుల చేత గీయించిన బొమ్మల్లోంచి 300 చిత్రపటాలు ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరిట 1795, 1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయ్యాయి, రాక్స్‌బర్గ్ పేరు వృక్షశాస్త్రంలో నిలిచినా కుంచె పట్టినవారి పేర్లు పుస్తకానికి ఎక్కలేదు. ఆ చిత్రకారులకు కెమెరాకు లేని వెసులుబాటు ఒకటుండేది: ఫాల్గుణంలో పూసే మోదుగ పువ్వునూ, ఆ తరువాత వచ్చే ఆకునూ, కాయనూ ఒకే కాగితం మీద పక్కపక్కన చూపగలిగేవారు. ఫొటోగ్రాఫర్ అదే పని చేయాలంటే ఒకే చెట్టు దగ్గరికి నెలల తేడాతో మళ్లీ మళ్లీ వెళ్లక తప్పదు. రేల విషయంలో మాత్రం ఆ అవస్థ లేదు. దాని కాయ పండడానికి ఏడాదికి కొంచెమే తక్కువ పడుతుంది గనుక, ఈ ఏటి పసుపు గుత్తుల పక్కనే నిరుటి పూలు కాసిన మూరెడు నల్లటి కాయలు అదే కొమ్మకు వేలాడుతూ ఉంటాయి, ఉదయం ఆరింటికి తూర్పు వెలుగులో రెండూ ఒకే ఫ్రేములోకి వస్తాయి.