కన్నులార చూచిన ప్రమాణము

పరిశోధన యనెడి విద్యలో మిక్కిలి నిరాడంబరమైన అంగము పాదసూచిక. సిద్ధాంత గ్రంథమునందలి ప్రతిపాదనలు ఎంత గంభీరములైనను, శైలి యెంత ప్రసన్నమైనను, పుట యడుగున చిన్న యక్షరములలో ఏ గ్రంథము, ఏ ముద్రణము, ఏ పుట యని తెలుపు ఆ యొక్క పంక్తి నిజము కానిచో తక్కినదంతయు నిరాధారమగును. “ఈ మాటను నేను స్వయముగా చూచితిని, సందేహమున్నచో మీరును చూడవచ్చును” అని పరిశోధకుడు తానెరుగని పాఠకునికి ఇచ్చు వాగ్దానమది. విశ్వవిద్యాలయమున తెలుగు పరిశోధక విద్యార్థులకు మార్గదర్శకత్వము వహించుచున్న నాకు, కృత్రిమ మేధ మా తరగతి గదులలోనికి ప్రవేశించిన పిమ్మట నిత్యము విచారహేతువగుచున్నది ఈ వాగ్దానమే.

2022 నవంబరు 30వ తేదీన వెలువడిన చాట్‌జీపీటీయు, దాని వెనుక వచ్చిన తక్కిన భాషాయంత్రములును, అపారమైన వాఙ్మయరాశి నుండి ఏ పదము వెనుక ఏ పదము వచ్చుట సంభావ్యమో అభ్యసించి, ఆ సంభావ్యత ననుసరించి వాక్యములను కూర్చును. అందుచేత పాదసూచిక ఆకృతి వానికి చక్కగా తెలియును: రచయిత పేరు, వ్యాసము పేరు, పత్రిక, సంవత్సరము, పుటలు, అన్నియు తమ తమ స్థానములలో అమరియుండును. అమరినంత మాత్రమున ఆ వ్యాసము కలదని నమ్ముటకు వీలులేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో నెలకొల్పిన ‘భారతి’ సంచిక యొకదానిలో కలదని యంత్రము చెప్పిన వ్యాసమును మా విద్యార్థిని యొకతె తన ప్రకరణమున ఉదాహరింపగా, ఆ సంచికను గ్రంథాలయము నుండి తెప్పించి, ఆమెయు నేనును విషయసూచిక మొదలు కడపటి పుట వరకు పరిశీలించితిమి. అట్టి వ్యాసము లేదు. రచయిత నిజము, పత్రిక నిజము, సంవత్సరమును పొసగినదే, వ్యాసమొక్కటియే పుట్టలేదు. ఆ యమ్మాయి అబద్ధమాడదలచలేదు. చూడవలసినదానిని చూడక విడిచినది, అంతియే.

వ్రాతలో ప్రమాదము యంత్రముతో పుట్టినది కాదు. తాళపత్రములపై గంటముతో వ్రాసిన లేఖకులు పంక్తులు విడిచిరి, తెలియని పదమునకు మారుగా తెలిసిన పదమును నిలిపిరి, అక్షరసామ్యము చేత ఒకదానిని ఇంకొకటిగా చదివిరి. ఒకే గ్రంథమునకు అనేక ప్రతులను సేకరించి, ప్రక్కప్రక్కన నుంచి, పాఠాంతరములను గుర్తించి, ఏది కవిహృదయమునకు సమీపమో నిర్ణయించుట మన పరిష్కర్తలు దానికి చేసిన చికిత్స. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను స్వంత వ్యయముతో పోషించి చేయించిన పని యిదియే. ఆ శ్రమఫలము చెన్నపట్టణమున ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున నేటికిని కలదు.

యంత్రయుగమున లేఖకప్రమాదము ఎట్లు వ్యాపించునో తెలుపుటకు ఒక్క యుదాహరణము చాలును. 1950ల నాటి సూక్ష్మజీవిశాస్త్ర పత్రిక యొకదానిలో, రెండు నిలువు వరుసలుగా అచ్చైన పుటలో, ఎడమ వరుసయందు ‘వెజిటేటివ్’ అను మాటయు, దానికెదురుగా కుడి వరుసయందు ‘ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ’ అను మాటలును పడినవి. ఆ పుటను కంప్యూటరు కెక్కించునపుడు వరుసల నడిమి ఖాళీ గుర్తింపబడక అడ్డముగా చదువబడుటచే, లోకమున నెచ్చటను లేని ‘వెజిటేటివ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ’ అను శాస్త్రప్రక్రియ ఆవిర్భవించినది. పారసీక లిపిలో ‘స్కానింగ్’ అను నర్థమిచ్చు పదమునకును ‘వెజిటేటివ్’ అను నర్థమిచ్చు పదమునకును భేదము చుక్క యొక్కటియే యగుటచే, అనువాదమార్గమునను ఈ దోషము దొరలియుండునని విద్వాంసులు ఊహించిరి. భాషాయంత్రములు సైతము దానిని నేర్చికొన్నవి. సమీక్షకుల కన్నుగప్పి అది పలు శాస్త్రపత్రములలో అచ్చైనది. తాళపత్ర లేఖకుని దోషము ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులకు మాత్రమే సంక్రమించెడిది. ఈ దోషము ఏకకాలమున వేల పరిశోధకుల వ్రాతబల్లలకు చేరగలదు.

ఇట్లనుటచే యంత్రమును బహిష్కరింపవలెనని నా యభిప్రాయము కాదు. 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమును డేవిడ్ బేకర్‌తో పాటు డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ పంచుకొనుటకు కారణమైన ఆల్ఫాఫోల్డ్ అను కృత్రిమ మేధాయంత్రము, 20 కోట్లకు పైబడిన ప్రోటీనుల ఆకృతులను ఊహించి జీవశాస్త్రమునకు మహోపకారము చేసినది. అయితే ఆ కీర్తికి మూలమేమో విచారింపవలెను. శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో ఒక్కొక్కటిగా నిర్ణయించి, 1971 నుండి ప్రోటీన్ డేటా బ్యాంకులో భద్రపరచిన ఆకృతులు దానికి పాఠ్యగ్రంథములైనవి. ప్రోటీనుల ఆకృతులను ఊహించు పద్ధతులకు పెట్టు 2020 నాటి కాస్ప్ పరీక్షలో, ప్రయోగముచే నిర్ణీతములై ఇంకను వెల్లడికాని ఆకృతులతో దాని యూహలను పోల్చి చూచిన పిమ్మటనే లోకము దానిని విశ్వసించినది. ఊహించినది యంత్రము, తీర్పు చెప్పినది ప్రయోగము.

ఈ వివేకము మన విశ్వవిద్యాలయముల నియమములలో ఇంకను చాలినంతగా ప్రతిఫలింపలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి 2018 నాటి నిబంధనలు, పరరచనాసామ్యము 10 శాతమును మించినపుడు దండన విధించును. యంత్రము క్రొత్త వాక్యములను కూర్చును గనుక, పరిశోధకుడు ఒక్క మూలమునైనను తెరువకున్నను సామ్యశాతము స్వల్పముగనే కన్పట్టవచ్చును. యంత్రరచనను పసిగట్టు సాధనములును విశ్వాసపాత్రములు కావు: ఓపెన్‌ఏఐ సంస్థ తాను నిర్మించిన అట్టి సాధనమును, నిర్దుష్టత చాలదని, 2023 జూలైలో ఉపసంహరించినది, ఆంగ్లము మాతృభాష కానివారి స్వంత రచనలను ఇట్టి సాధనములు తరచుగా యంత్రరచనలని ముద్రవేయుచున్నవని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఆ యేటనే చూపిరి. పల్లెటూళ్ల నుండి వచ్చి కష్టించి ఆంగ్లమున వ్రాయు మన విద్యార్థికి ఇంతకన్న అన్యాయమేమి కలదు? యంత్రమును రచయితగా అంగీకరింపమని ‘నేచర్’ పత్రిక 2023 జనవరిలో ప్రకటించుచు చెప్పిన హేతువు సమంజసమైనది: కర్తృత్వముతో బాధ్యత వచ్చును; యంత్రము బాధ్యత వహింపజాలదు.

కావున నా విద్యార్థులకు నేనొక నియమము విధించితిని. యంత్రముచే పట్టికలు సిద్ధపరచుకొనవచ్చును, భాష దిద్దించుకొనవచ్చును, వెదకవలసిన దారి యడుగవచ్చును. కాని ప్రకరణమున చేరు ప్రతి పాదసూచికకును మూలపుటను, గ్రంథముగానో ఛాయాచిత్రముగానో, నా యెదుట నుంచవలెను. దీనిచే పని మందగించునని వారందురు, నిజమే. ఆ మందగమనమునందే విద్య కలదు. వెదకిన వ్యాసము ప్రక్క పుటలో అడుగని విషయము కంటబడును. సారాంశమున జారిపోయిన మూలకర్త సంకోచము, అతడు పెట్టిన షరతు, అతని ప్రత్యర్థి పేరు ఆ పుటలోనే గోచరించును. ఇట్లు చదివినవాడు తన యంశమునకు అధికారి యగును.

వైవా నిర్వహించు పరీక్షకులకు నా విన్నపమొక్కటి. సామ్యశాతపు పత్రమును ప్రక్కనుంచి, సిద్ధాంత గ్రంథమున తమకు తోచిన నాలుగైదు పాదసూచికలను ఎన్నుకొని, ఆ మూలములలో నేమున్నదో, వానితో తానెచ్చట విభేదించెనో చెప్పుమని అభ్యర్థిని అడుగవలెను. చూచినవాడు నిస్సంకోచముగా చెప్పును. చూడనిదానిని చూచినట్లు వ్రాసినవానికి మాత్రము డాక్టరు పట్టము నీయరాదు.