సి భాషలో చెత్త యేరుట: గుర్తుపెట్టు దశపై ఒక విమర్శ

కంప్యూటరుపై నడచు ప్రతి ప్రోగ్రామునకును మెమరీ కావలెను. సి భాషలో ప్రోగ్రాము వ్రాయువాడు తనకు కావలసిన మెమరీని ‘మాలాక్’ అను ఫంక్షను ద్వారా అడిగి పుచ్చుకొని, పని తీరిన పిమ్మట ‘ఫ్రీ’ అను ఫంక్షను ద్వారా తిరిగి ఒప్పగింపవలెను. ఒప్పగించుట మరచినచో వాడుకలో లేని ముక్కలు పేరుకొని, మెమరీ క్రమముగా తరిగిపోవును. తొందరపడి ముందే ఒప్పగించినచో ఆ చోటు మరియొక పనికి పోయి, మొదట అచ్చటనున్న సమాచారము చెడిపోవును. మొదటిది నష్టము, రెండవది ప్రమాదము. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. గార్బేజి కలెక్టరు మంచిచెడ్డలను తూచుటకు తగిన త్రాసు ఇదియే.

గార్బేజి కలెక్టరు అనగా చెత్త యేరు ప్రోగ్రాము. ‘ఫ్రీ’ అని చెప్పవలసిన భారమును ఇది మనుష్యుని నుండి తీసికొని తానే వహించును. దీని పని రెండు దశలుగా నడచును. మొదటిది గుర్తుపెట్టుట, రెండవది ఊడ్చుట. పేరునకు చెత్త యేరునదే గాని, మొదటి దశలో ఇది చెత్తవంక కన్నెత్తియైనను చూడదు. బ్రతికియున్నవానినే వెదకి గుర్తుపెట్టును. గుర్తు లేనిదంతయు చెత్త యని రెండవ దశ గ్రహించును.

ఇంటికప్పుపై ప్రాకిన గుమ్మడితీగలను తలచుకొనుడు. ఏ కాయ సజీవమైన తీగకు చెందినదో తెలిసికొనుటకు కాయలను ఒక్కొక్కటిగా తట్టి చూడనక్కరలేదు. మొదలు పట్టుకొని తీగవెంట కొమ్మకొమ్మకును పోయి, తగిలిన ప్రతి కాయపైనను సున్నపు బొట్టు పెట్టిన చాలును. తెగిపడిన తీగముక్కలు ఒకదానినొకటి ఎంత పెనవేసికొనియున్నను, వాని కాయలకు బొట్టు పడదు. కంప్యూటరులో ‘మొదళ్ళు’ అనగా ప్రాసెసరులోని రిజిస్టర్లు, స్టాకు, గ్లోబల్ చలరాశులు. తీగ అనగా పాయింటరు. ఒక వస్తువులో వ్రాసియుంచిన మరియొక వస్తువు యొక్క అడ్రసు.

ఈ ఉపాయమును జాన్ మెకార్తీ 1960లో లిస్పు భాషను వివరించిన తన వ్యాసములో ప్రకటించెను. ఐ.బి.ఎం. 704 యంత్రములో, చేరగలిగిన ప్రతి గడి యొక్క సంజ్ఞను ఋణముగా మార్చుటయే ఆనాటి సున్నపు బొట్టు. దారిలో ఋణసంజ్ఞ గల గడి ఎదురైనచో, ఇదివరకే అచ్చటికి వచ్చినట్లు గ్రహించి యంత్రము ఆ దారిని విడిచిపెట్టును. చక్రములో చిక్కి అంతులేక తిరుగకుండుటకు ఈ ఒక్క నియమము చాలును.

ఇదే యోచనకు సి భాషలో సాధారణముగా కనబడు రూపము మిక్కిలి చిన్నది. వస్తువునకు గుర్తు ఉన్నదా? ఉన్నచో వెనుకకు మరలుము. లేనిచో గుర్తుపెట్టి, దానిలోని ఒక్కొక్క పాయింటరును తీసికొని ఇదే ఫంక్షనును మరల పిలువుము. నాలుగైదు వరుసలలో ముగియు ఈ రూపము తరగతిలో నల్లబల్లపై అందముగా ఉండును. కాని దీనిలో రెండు లోపములు దాగియున్నవి.

మొదటి లోపము లోతునకు సంబంధించినది. ఫంక్షను తన్ను తాను పిలిచికొనిన ప్రతిసారియు స్టాకులో కొంత చోటు పట్టును. 10 లక్షల వస్తువులు ఒకదానివెనుక నొకటి గొలుసుగా ఉన్నచో, ఒక్కొక్క పిలుపునకు 16 బైట్లే పట్టినను మొత్తము 1 కోటి 60 లక్షల బైట్లు కావలెను. లినక్సులో స్టాకునకు సాధారణముగా నుండు పరిమితి 8 మెగాబైట్లు, అనగా 83,88,608 బైట్లు. కంపైలరు ఈ పిలుపులను లూపుగా మార్చనిచో, గొలుసు నడుమనే ప్రోగ్రాము కూలును. మెమరీ చాలలేదని పిలిచిన సహాయకుడే మెమరీ చాలక కూలుట విపరీతము గదా! దీనికి విరుగుడుగా షార్, వెయిట్ అనువారు 1967లో ఒక పద్ధతిని ప్రకటించిరి. దానిలో పాయింటర్లనే తాత్కాలికముగా వెనుకకు త్రిప్పి, వచ్చిన దారిని వానియందే వ్రాసికొందురు. చూడవలసిన వస్తువుల జాబితాను వేరుగా ఉంచుకొనుట మరియొక మార్గము.

రెండవ లోపము ఇంకను గంభీరమైనది. ‘దానిలోని ఒక్కొక్క పాయింటరును తీసికొని’ అని సులభముగా అనవచ్చును. కాని ఏది పాయింటరో ఎట్లు తెలియును? లిస్పులో గడుల నిర్మాణము కలెక్టరునకు ముందే తెలియును. సి భాషలోనో, కంపైలు అయిన పిమ్మట మెమరీలో మిగులునవి వట్టి అంకెలు. ఒక అంకె విద్యార్థి మార్కు కావచ్చును, అడ్రసును కావచ్చును.

ఈ చిక్కునకు సమాధానముగా హాన్స్ బోయెమ్, మార్క్ వైజర్ అనువారు 1988లో ఒక వ్యాసమును ప్రకటించిరి. దాని పేరును తెలుగులో ‘సహకరింపని పరిసరములో చెత్త యేరుట’ అనవచ్చును. ఆ కృషి నుండి పెరిగిన కలెక్టరు పెక్కు ప్రోగ్రాములలో వాడుకకు వచ్చినది. 2011లో వెలువడిన గైల్ 2.0 దానిని స్వీకరించెను. వారి సూత్రము ఒక్కటే: పాయింటరువలె కనబడు ప్రతి అంకెను పాయింటరుగనే భావింపవలెను.

అంకెకు జరుగు పరీక్షలో మూడు మెట్లు కలవు. అది హీపు యొక్క కనిష్ఠ గరిష్ఠ అడ్రసుల నడుమ ఉన్నదా అని కలెక్టరు మొదట చూచును. ఉన్నచో, అది చూపు బ్లాకు తాను పంచియిచ్చినదేనా అని పట్టికలో వెదకును. ఒక బ్లాకులోని చిన్న వస్తువులన్నియు ఒకే పరిమాణము గలవి. కావున బ్లాకు మొదటినుండి గల దూరమును ఆ పరిమాణముచే భాగించినచో, అది ఎన్నవ వస్తువో తేలును. ఇట్లు నెగ్గిన వస్తువును తాకక, వేరుగానున్న పట్టికలో దాని బిట్టును 1 చేసి, వస్తువును ‘చూడవలసినవి’ అను జాబితాలో చేర్చును. జాబితా నిండిపోయినచో కొన్నిటిని వదలివేసి, జాబితాను పెంచి, గుర్తుపడిన వస్తువులను మరల పరిశీలించి, విడిచినవానిని పట్టుకొనును. జాబితా శూన్యమైనప్పుడు దశ ముగియును.

ఈ పద్ధతి గొప్పతనము, తప్పు జరిగినచో అది ఏ వైపునకు మొగ్గవలెనో ముందే నిర్ణయించుకొనుటలో ఉన్నది. సందేహము కలిగినచో వస్తువును ఉంచును, తుడువదు. మార్కును అడ్రసుగా పొరపడినచో చచ్చిన వస్తువొకటి నిలుచును. అది నష్టము మాత్రమే. పైగా ఈ కలెక్టరు వస్తువులను మరియొక చోటికి జరుపదు. జరిపినచో, అడ్రసుగా భావించిన అంకెను దిద్దవలసివచ్చును. ఆ అంకె నిజముగా మార్కైనచో విద్యార్థి మార్కే మారిపోవును.

నష్టము ఎంతటిది? 32 బిట్ల యంత్రములో మొత్తము అడ్రసులు 4,096 మెగాబైట్లకు సరిపోవును. హీపు 512 మెగాబైట్లైనచో, యాదృచ్ఛికమైన అంకె హీపులో పడు సంభావ్యత 8లో 1. ఇది చిన్నది కాదు. 64 బిట్ల అంకెలతో, 4,096 మెగాబైట్ల హీపునకు సైతము, అది సుమారు 430 కోట్లలో 1కి తగ్గును. ప్రోగ్రాములలోని అంకెలు నిజమునకు యాదృచ్ఛికములు కావు గనుక ఇది స్థూలమైన అంచనా మాత్రమే. ఖాళీగానున్న చోటును చూపు అంకె కనబడినచో, ఆ చోటును సాధ్యమైనంతవరకు ఎవరికిని ఇయ్యక ప్రక్కకు పెట్టు ఉపాయమును బోయెమ్ 1993లో వివరించెను.

ఇంతవరకు మెచ్చుకొనదగినదే. శీర్షికను మాత్రము విమర్శింపవలసియున్నది. పరిసరము సహకరింపదని చెప్పుచునే ఈ పద్ధతి ఒక సహకారమును అడుగుచున్నది: పాయింటరు ఎచ్చటనో ఒకచోట దాపరికము లేక కనబడుచుండవలెను. చోటు ఆదా చేయుటకై, ముందు వస్తువు అడ్రసును వెనుక వస్తువు అడ్రసును ‘ఎక్స్-ఆర్’ అను క్రియచే కలిపి ఒకే అంకెగా నిలుపు గొలుసులు కలవు. ఆ అంకె ఈ రెండింటిలో దేని అడ్రసును కాదు. కలెక్టరు దానిని దాటిపోవును. బ్రతికియున్న వస్తువు ఊడ్వబడును. ఇది నష్టము కాదు, ప్రమాదము. వ్రాయువాడు దాచకున్నను, వేగము కొరకు కంపైలరే అసలు అడ్రసును తుడిచి, దానినుండి లెక్కించిన అంకెను మాత్రము మిగుల్చుకొనవచ్చును.

బోయెమ్ తానే 1996లో కంపైలరు వలన కలుగు ఈ చిక్కును ప్రత్యేకముగా చర్చించెను. కావున కర్తలు దానిని దాచిరని అనరాదు. కాని వ్యాసము చదువక పేరు మాత్రము వినినవారు, ఏ సి ప్రోగ్రామునకైనను దీనిని తగిలించి నిశ్చింతగా ఉండవచ్చునని భ్రమపడుదురు. కలెక్టరును ప్రోగ్రామును ఏకకాలమున నడచు సందర్భమును గూర్చి డైక్‌స్ట్రా తన సహచరులతో 1978లో ప్రకటించిన వ్యాసము, ‘సహకారములో ఒక అభ్యాసము’ అని తన పేరులోనే చెప్పుకొనినది. అట్టి స్పష్టత ఇచ్చట లోపించినది.

ఈ విషయమును బోధించు ఉపాధ్యాయులు నల్లబల్లపై చిన్న ఫంక్షనుతో ఆపక, దాని ప్రక్కన మూడు వలయములు గీయుట మేలు. ఇకముందు నిజముగా కావలసిన వస్తువులు మొదటి వలయము. వానిని ఏ కలెక్టరును తేల్చలేదు. మొదళ్ళనుండి చేరదగిన వస్తువులు రెండవది. లిస్పు తేల్చునది దీనిని. చేరదగినట్లు కనబడు వస్తువులు మూడవది. సి భాషలో కలెక్టరు తేల్చగలిగినది ఇంతమాత్రమే. మొదటిది రెండవదానిలోను, రెండవది మూడవదానిలోను ఇమిడియున్నంతకాలము జరుగునది నష్టమే. రెండవ వలయము మూడవదానిని దాటి వెలుపలికి వచ్చిన చోట ప్రమాదము మొదలగును. ఆ గీత దాటకుండ చూచుకొనుట కలెక్టరు వశములో లేదు. ప్రోగ్రాము వ్రాయువాని వశములోను, కంపైలరు వశములోను ఉన్నది.