ఇంటి కంచెలో తంగేడు

సద్దుల బతుకమ్మ దగ్గర పడగానే కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టూ తంగేడు మూటలు దిగుతాయి. పక్కనే గునుగు కట్టలు. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు అడిగిన ధర ఇచ్చి కొనుక్కుంటున్నాం. తంగేడు పువ్వును పైసలు పెట్టి కొనడం మా చిన్నతనంలో ఎరగం. సంచి పట్టుకుని ఊరవతలి గుట్ట దాకా పోతే చాలు, సిబ్బి నిండా పేర్చేంత పువ్వు దొరికేది. ఆ గుట్టల్లో ఎన్నింటినో టాన్ బ్రౌన్ గ్రానైటు కోసం కోసేశారు. రోడ్ల పక్క బీళ్లు ప్లాట్లయ్యాయి. తంగేడు బతికేది సరిగ్గా ఆ జాగాల్లోనే.

ఇంగ్లండులో క్రిస్మస్‌కు ఇళ్లను హాలీ కొమ్మలతో అలంకరిస్తారు. అడవుల్లో పెరిగే ఆ ముళ్ల ఆకుల పొదను అక్కడివాళ్లు ఇంటి చుట్టూ కంచెగా కూడా పెంచుకుంటారు. అందులో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. ఎర్ర పండ్లు కావాలనుకునేవాళ్లు ఆడ చెట్టు పెట్టి, దగ్గర్లో మగ చెట్టు ఉందో లేదో కూడా చూసుకుంటారు. పండుగ మొక్క మీద ఆ శ్రద్ధ నాకు నచ్చుతుంది. తంగేడును 2014లో మనం రాష్ట్ర పుష్పం చేసుకున్నాం. పెరట్లో మాత్రం క్రోటన్లకు ఇచ్చిన చోటు దానికి ఇవ్వలేదు.

పెంచడం కష్టమేమీ కాదు. గుట్ట మీది పెద్ద మొక్కను పీకి తెచ్చి నాటితే మాత్రం సాధారణంగా బతకదు. తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది, అది తెగితే మొక్క తేరుకోదు. విత్తనంతోనే మొదలుపెట్టాలి. గింజ పెంకు గట్టిది, ఊరికే మట్టిలో వేస్తే నెలల తరబడి అట్లాగే పడి ఉంటుంది. నీళ్లు మరిగించి పొయ్యి మీంచి దించాక అందులో గింజలు వేసి, రాత్రంతా నాననివ్వాలి. తెల్లారి ఉబ్బిన గింజలను మృగశిర వానలకు నేరుగా గుంతలోనే పెట్టాలి. సంచిలో పెంచితే వేరు చుట్టుకోకముందే, చిన్నగా ఉన్నప్పుడే నాటేయాలి.

చెలక నేలైతే మరే చింతా లేదు. ఆదిలాబాద్ వైపు రేగడి నేలల్లో వానాకాలం నీళ్లు నిలుస్తాయి కాబట్టి మొరం పోసి కట్ట ఎత్తు చేసుకోవాలి. రోజంతా ఎండ తగలాలి. ఎరువు వేయబోకండి. బలిసిన తంగేడు ఆకు వేస్తుంది, పువ్వు తగ్గిస్తుంది. మొదటి ఎండాకాలం దాటేదాకా అప్పుడప్పుడు నీళ్లిస్తే సరి. పువ్వు కొమ్మల చివర్లలో వస్తుంది కాబట్టి ఎండాకాలంలో సగానికి కత్తిరించాలి. వానలకు చిగుళ్లు గుబురుగా లేస్తాయి. శ్రావణం వచ్చాక కత్తెర ముట్టుకోవద్దు. అప్పుడు కోస్తే బతుకమ్మకు రావలసిన మొగ్గనే కోసినట్టు.

చెట్టు పూసిందంటే నల్ల తుమ్మెదలు వస్తాయి. తంగేడు పువ్వులో తేనె ఉండదు, పుప్పొడే ఉంటుంది. అదీ కేసరాల కొనల్లోని చిన్న రంధ్రాల్లోంచి రావాలి. తుమ్మెద పువ్వును పట్టుకుని ఒళ్లంతా ఝుమ్మని అదిలిస్తేనే రాలుతుంది. పొద్దున్నే ఆ చప్పుడు వినడానికే నేను కంచె దగ్గరికి వెళతాను. ఆకుల మీద పచ్చని గొంగళిపురుగులు కనపడితే మందు కొట్టకండి. అవి తెల్లని సీతాకోకచిలుకల పిల్లలు. తిన్న ఆకును చెట్టు మళ్లీ వేసుకుంటుంది.

మన ఊళ్లలో ఈ చెట్టు పండుగకే కాదు, పనికీ అక్కరకొచ్చింది. తంగేడు చెక్కలోని వగరుతోనే మాదిగలు లందల్లో తోళ్లు ఊనేవాళ్లు. చెప్పులు, మోటబొక్కెనలు, డప్పులు ఆ చేతుల నుంచే వచ్చాయి. తర్వాత విదేశీ తుమ్మచెక్క, రసాయనాలు వచ్చి ఆ గిరాకీని తీసేశాయి. చెట్టును ఎరిగిన ఆ మాదిగ పెద్దల దగ్గర ఏ నేలలో ఏ తంగేడు చెక్క మందంగా వస్తుందన్న తెలివి ఉండేది. దాన్ని ఎవరూ రాసిపెట్టుకోకపోవడం నాకు బాధే.

పువ్వు కోసేటప్పుడు కొమ్మలు విరవకుండా గుత్తి వరకే తుంచాలి. పొద్దుగూకాక మొగ్గలు కోసి తడిబట్టలో చుట్టిపెడితే తెల్లారేసరికి విచ్చుకుంటాయి. వేములవాడలో సద్దులు ఏడో రోజునే చేస్తారు, కరీంనగర్‌లో తొమ్మిదో రోజున. ఒక కంచె తంగేడు ఉంటే రెండు ఊళ్ల చుట్టాలకూ పంచవచ్చు. ప్రతి చెట్టుకూ కొన్ని గుత్తులు మాత్రం కోయకుండా వదలండి. సంక్రాంతి దాటాక చదునైన కాయలు గోధుమరంగుకు తిరిగి ఎండుతాయి. వాటిని పగలకముందే తెంపి, గింజలు ఒలిచి, గుడ్డసంచిలో కట్టి పెట్టండి. పంచాయతీ నర్సరీలకు పిడికెడు ఇచ్చి, వేపతో పాటు తంగేడు సంచులూ పెంచమని అడగండి. నేను ఈ ఏడు అడగబోతున్నాను.